అకిలీసు క్రోధము, ప్రయాము కన్నీరు



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన కావ్యము మన దేశమున పుట్టినది కాదు. అది యవనదేశమున, అనగా గ్రీసున, సుమారు 2,700 ఏండ్లకు పూర్వము వెలసినది. దాని పేరు ఇలియడు. దానిని రచించినవాడు హోమరు అను మహాకవి యని యవనులు పరంపరగా చెప్పుకొనుచు వచ్చిరి. ఆ కావ్యమునిండ యుద్ధమే. పోట్లు, నఱకులు, నెత్తురు, ఏడుపు. ఇంత హింసను ఆ కవి యేల వర్ణించెను? దానివలన వినువారికి కలుగు మేలేమి? కీడేమి? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

నేను గురుముఖమున సంస్కృతాంధ్రములు చదువుకొని, బడిపంతులుగా పనిచేసి, విశ్రాంతి గైకొన్నవాడను. గ్రీకు భాష నాకు రాదు. ఆంగ్లానువాదములద్వారా ఆ కావ్యమును పలుమారులు చదివితిని. అట్టి నేను ఈ విషయమును గూర్చి మాటలాడ పూనుకొనుటకు ఒక కారణము కలదు. ఒకప్పుడు నేను ఈ కథను పిల్లలకు తప్పుగా చెప్పితిని. తప్పుగా ననగా లేనిది కల్పించి చెప్పితినని కాదు, చెప్పవలసినంత చెప్పలేదు. దానివలన ఒక పిల్లవాని తల పగిలినది. ఆ సంగతి ముందు మనవి చేసి, పిమ్మట కావ్యములోనికి పోయెదను.

చాలయేండ్ల క్రిందటి మాట. నేనప్పుడు ఒక పల్లెటూరి పాఠశాలలో పనిచేయుచుంటిని. సాయంకాలము చివరి గంటలో పిల్లలకు కథలు చెప్పుట నా యలవాటు. రామాయణము చెప్పితిని, భారతము చెప్పితిని, ఆ యేడు ఇలియడు కథ యెత్తుకొంటిని. వారము దినములు జరిగినది. పిల్లలు చెవులప్పగించి వినిరి. శుక్రవారమునాటికి హెక్టరు వధ వచ్చినది. గ్రీకు వీరుడైన అకిలీసు తన పగవాడైన హెక్టరును చంపి, చీలమండలకు తూట్లు పొడిచి, ఎద్దుతోలు పట్టెలు గ్రుచ్చి, రథమునకు కట్టి, తల నేలకు కొట్టుకొనుచుండ ఈడ్చుకొనిపోయెను. ఇంతవఱకు చెప్పునప్పటికి గంట మ్రోగినది. నేను పుస్తకము మూసితిని. నా వాగ్ధాటికి నేనే లోలోపల మురిసికొంటిని.

మఱునాడు సెలవు. పిల్లలు చెఱువుగట్టున చేరి అకిలీసు ఆట ఆడిరి. అందఱిలో చిన్నవాడు హెక్టరు. వాని కాళ్లకు చేదత్రాడు కట్టి నలుగురు పిల్లలు లాగికొనిపోయిరి. గట్టుమీది రాయి తగిలి వాని తల పగిలినది. ఆఱు కుట్లు పడినవి. దైవానుగ్రహమున ప్రాణభయము తప్పినది.

ఆదివారము సాయంకాలము ఆ పిల్లవాని తండ్రి మా యింటికి వచ్చెను. వ్యవసాయదారుడు; మితభాషి. నన్ను తిట్టునేమో యని యెదురుచూచితిని. అతడు అరుగుమీద కూర్చుండి, కొంతసేపు కండువా నలుపుచు ఊరకుండి, తుదకు ఇట్లనెను: "పంతులుగారూ! మీరు చెప్పిన కథయే ఆడుకొంటిమని మావాడు చెప్పుచున్నాడు. ఆ కథలో ఈడ్వబడినవానికి తండ్రి లేడా అండీ?"

"ఉన్నాడు" అంటిని.

"అతడు చూచుచు ఊరకుండెనా?"

నేను జవాబు చెప్పలేకపోయితిని. కథ తెలియక కాదు. ఆ తండ్రి యేమి చేసెనో నాకు తెలియును. ఆ కావ్యము ముగియు సర్గమంతయు ఆ తండ్రి కథయే. కాని గంట మ్రోగినదని నేను అంతకుముందే ఆపితిని. ఆపుటలో నాకు సంతోషము కూడ కలిగినది. "రేపు పిల్లలకు మిగిలిన కథ చెప్పుదును. వీలైనయెడల మీరును రండి" అని మాత్రము చెప్పి పంపితిని. ఆ రాత్రి దీపము ముందు పెట్టుకొని కావ్యమును మఱల తిరుగవేసితిని. అంతకుముందు నేను వీరుల శౌర్యమునే చూచితిని. ఆ రాత్రి చచ్చినవారి తండ్రులను వెదకుచు చదివితిని. ఎక్కడ తెఱచినను ఒక తండ్రి కనబడెను.

కథ తెలియనివారికొఱకు నాలుగు మాటలు. ట్రాయి యను నగరము నేటి టర్కీ దేశపు వాయవ్యమూలలో సముద్రమునకు సమీపమున నుండెడిది. హిసార్లిక్ అను దిబ్బకడ 1870 నుండి త్రవ్వకములు జరిపి, ష్లీమను అను జర్మనీవాడు అచ్చటి ప్రాచీననగర శిథిలములను బయల్పఱచెను. ట్రాయి రాజు ప్రయాము. అతని కుమారుడు పారిసు మెనెలాసు అను గ్రీకురాజు భార్యయైన హెలెనును తోడ్కొనిపోయెను. అందుపై గ్రీకులు నావలెక్కి వచ్చి ట్రాయిని ముట్టడించిరి. ఆ ముట్టడి పదియేండ్లు సాగెనని కథ. ఇలియడు ఆ పదియేండ్ల కథను పూర్తిగా చెప్పదు. పదవయేట కొన్ని వారములలో జరిగినదానినే చెప్పును. 24 సర్గములు, 15,000కు పైగా పంక్తులు ఆ కొన్ని వారములకే సరిపోయినవి. లోకమంతయు ఎఱిగిన కొయ్యగుఱ్ఱము ఇందు లేదు. ట్రాయి తగులబడుట లేదు. అకిలీసు చావు లేదు.

కవి పలికిన తొలిమాటయే క్రోధము. గ్రీకుసేనకు నాయకుడైన అగమెమ్నాను అకిలీసు పాలికి వచ్చిన బ్రిసేయిసు అను చెఱపడిన స్త్రీని లాగికొనెను. అవమానము పొంది అకిలీసు యుద్ధము మానెను. ఆ యలుకవలన గ్రీకులు గుంపులుగా కూలిరి. తుదకు అతని ప్రాణమిత్రుడైన పాట్రోక్లసు ఆ చావులు చూడలేక, అకిలీసు కవచము తొడిగికొని పోరికి పోయి, హెక్టరుచేత చచ్చెను. అంతట అకిలీసు అలుక పగగా మాఱినది. ఆ పగ తీర్చుకొనుట, తీర్చుకొన్నను తీరకపోవుట, తుదకు అది చల్లారుట, ఇదియే ఇలియడు.

ఇక హింస మాట. 1879లో ఫ్రోలిక్ అను జర్మను సైనికవైద్యుడు ఈ కావ్యమున వర్ణింపబడిన గాయములను లెక్కించి 147 అని తేల్చెను. అందు 106 బల్లెపు పోట్లు. గాయపడినవారిలో నూటికి 77 మందికి పైగా మరణించిరి. బల్లెము ఎచ్చట దిగెను, ఏ యెముక విఱిగెను, ఏ వైపునుండి వెలికి వచ్చెను అని కవి వైద్యునివలె చెప్పును. తాను కన్నులు మూసికొనడు, మనలను మూసికొననీయడు. మన భారతమునందును భీముడు దుశ్శాసనుని ఱొమ్ము చీల్చుట కలదు. అయినను మన యుద్ధవర్ణనలలో శరపరంపరలు, దివ్యాస్త్రములు, అక్షౌహిణులు కన్నులకు మిఱుమిట్లు గొల్పుచుండును. హోమరు వర్ణనలో తఱచుగా కనబడునవి రెండే: కంచుమొన గల బల్లెము ఒకటి, మానవదేహము ఒకటి.

ఇంతమాత్రమే అయియుండినయెడల ఆ కావ్యము ఒట్టి చావులపట్టీ యయ్యెడిది. కాని కవి మఱియొక పని చేసెను. చచ్చువానికి పేరు పెట్టెను, ఊరు చెప్పెను, వాని కన్నవారిని మన యెదుట నిలిపెను.

నాలుగవ సర్గమున సిమోయీసియసు అను ట్రాయి యువకుడు కూలును. అంతకుముందు అతని పేరు మనము వినలేదు, తరువాత వినబోము. అతని చావు చెప్పబోవుచు కవి యొక నిముసమాగి అతని పుట్టుక చెప్పును. అతని తల్లి తన తల్లిదండ్రులతో గొఱ్ఱెలమందను చూడబోయి, ఐడా కొండ దిగివచ్చుచు, సిమోయీసు అను నది యొడ్డున అతనిని ప్రసవించెను. అందుచే ఆ నది పేరే పెట్టిరి. అజాక్సు బల్లెము అతని ఱొమ్మున దిగెను. పెంచిన ఋణము తీర్చుకొనుటకు ఆ కుఱ్ఱవానికి వ్యవధి లేకపోయెను. పల్లపునేలలో నున్నగా పెరిగిన చెట్టును బండిచక్రమునకై నఱికి యేటియొడ్డున ఎండవేసినట్లు అతడు పడియుండెనని కవి పోల్చెను. ఎంత సామాన్యమైన పోలిక! చక్రము చేయువానిని మనమందఱము చూచియున్నాము. అందువలననే ఆ పోలిక మన గుండెకు తగులును.

ఆఱవ సర్గమున ఆక్సిలసు అనువాడు కలడు. అరిస్బి యను ఊరిలో నుండెడివాడు, కలిగినవాడు. బాటప్రక్కన ఇల్లు కట్టికొని వచ్చుపోవువారికందఱకు ఆతిథ్యమిచ్చెడివాడు. డయోమీడు అను గ్రీకు వీరుడు వానిపై బడినప్పుడు, వాని యింట అన్నము తిన్నవారిలో నొక్కడును అడ్డుగా వచ్చి నిలువలేదు. వాని సారథి మాత్రము వానితో పాటు చచ్చెను. పెద్దలారా! బాటసారికి ఇంత కూడు పెట్టు ఇల్లు ఎట్టిదో మనమెఱుగుదుము. అట్టి యింటి యజమానుడు చచ్చెనన్న వార్త ఊరిలో ఎట్లు పాకునో యెఱుగుదుము. కవి దానిని కొన్ని పంక్తులలో చెప్పి ముందుకు పోవును. మన మనస్సు మాత్రము అక్కడనే నిలిచిపోవును.

ఇచ్చట ఒక్క సంగతి గమనింపుడు. వీరిరువురును ట్రాయి పక్షమువారు. హోమరు గ్రీకు, అతని కావ్యమును విన్నవారు గ్రీకులు. గెలిచినవారి సంతతి ముందు నిలిచి, ఓడినవారి యిండ్లను, తల్లిదండ్రులను ఇంత జాలితో తలచుట సామాన్యమైన సాహసము కాదు. కావ్యమంతటిలో మిక్కిలి మెత్తని ఘట్టము కూడ పగవాని యింటిదే. హెక్టరు యుద్ధమునకు పోవుచు భార్యయైన అండ్రొమాకిని, చంటిబిడ్డను చూడవచ్చును. శిరస్త్రాణముపై ఊగులాడు గుఱ్ఱపువెండ్రుకల తురాయిని చూచి బిడ్డ జడిసి యేడ్చును. హెక్టరు నవ్వి, దానిని తీసి నేలపై పెట్టి, బిడ్డను ఎత్తుకొనును. ఇట్లు మనము ఎత్తుకొన్న బిడ్డకు తండ్రియైనవానినే తరువాత రథము వెనుక చూడవలసివచ్చును.

హింస యెట్లు పెరుగునో కూడ కవి చూపెను. అడ్రెస్టసు అను ట్రాయివాని రథము పొదలలో చిక్కుకొని విఱిగెను. అతడు మెనెలాసు మోకాళ్లు పట్టుకొని, ధనమిచ్చి విడిపించుకొందురు, చంపవలదని వేడుకొనెను. మెనెలాసు మనస్సు మెత్తబడినది. బందీగా ఓడలకడకు పంపబోవుచుండెను. ఇంతలో అన్నయైన అగమెమ్నాను పరుగెత్తుకొని వచ్చి, తల్లి కడుపులోని మగశిశువును సైతము విడువరాదని తమ్ముని మందలించి, తానే వానిని పొడిచెను. మెత్తబడిన మనసును ప్రక్కవాడు వచ్చి రాయి చేయుట! ఊరి కక్షలలో మనము చూడనిదా యిది? చంపదలచినవాడు ఒకప్పుడు వెనుకాడును. చంపుమని చెప్పువాడు వెనుకాడడు.

పాట్రోక్లసు చచ్చినపిమ్మట అకిలీసుకు కొత్త కవచము కావలసివచ్చెను. దేవశిల్పి హెఫెస్టసు దానిని చేసెను. ఆ డాలుమీద అతడు చెక్కినవి యుద్ధములు మాత్రమే కావు. దున్నుచున్న చేలు, కోతలు, ద్రాక్షతోట, పెండ్లి యూరేగింపు, యువతీయువకుల నాట్యము చెక్కెను. మఱియు నొక తగవు చెక్కెను. ఒక మనిషి చంపబడెను. చంపినవాడు దానికి పరిహారము చెల్లింతుననుచున్నాడు, చచ్చినవానివారు పుచ్చుకొనమనుచున్నారు. ఊరిపెద్దలు నున్నని రాళ్లపై వలయముగా కూర్చుండి ఒక్కొక్కరుగా లేచి తీర్పు చెప్పుచున్నారు. చక్కని తీర్పు చెప్పినవారికి ఇచ్చుటకు రెండు తలాంతుల బంగారము నడుమ పెట్టబడియున్నది. చావుకు మఱియొక చావుతో కాక మాటతో ముగింపు వెదకు పెద్దలను, లోకమున అందఱికంటె కోపిష్ఠియైనవాని డాలుమీద కవి కూర్చుండబెట్టెను. అకిలీసు ఆ డాలును చూచి సంతోషించెను. దానిమీది పెద్దల మాట మాత్రము వాని చెవిని పడలేదు.

ఎట్లన, లికయాను అనువాని కథ వినుడు. అతడు ప్రయాము కొడుకే. ఒకనాడు తండ్రి తోటలో కొమ్మలు కోయుచుండగా అకిలీసు వానిని పట్టుకొనిపోయి ద్వీపాంతరమున అమ్మివేసెను. ఎట్లో విడుదల పొంది యిల్లు చేరెను. చేరిన పండ్రెండవనాడు మఱల అకిలీసు చేతనే చిక్కెను. ఆయుధము లేక, ఒక చేత మోకాలును, ఒక చేత బల్లెమును పట్టుకొని వేడుకొనెను. అకిలీసు వానిని మిత్రమా యని పిలిచెను. నీకంటె గొప్పవాడు పాట్రోక్లసు చచ్చెను, నేనును ఒకనాడు చత్తును, నీవేల యేడ్చెదవు అని చెప్పి కత్తి దింపెను. నాకీ ఘట్టము కావ్యమందలి గాయములన్నిటికంటె భయంకరముగా తోచును. కోపమున చంపువానికి కోపము తీరినచో ఆగుట కలదు. తన ప్రాణముపైననే ఆశ విడిచినవానికి ఇతరుల ప్రాణము లెక్కయేమి? అంతటితో నిలువక, పండ్రెండుగురు ట్రాయి యువకులను పట్టి, పాట్రోక్లసు చితికడ వధించెను. అది చెడ్డపని యని కవి ఒక్కమాటలో చెప్పి యూరకుండెను.

1940లో, ఫ్రాన్సు జర్మనీకి లోబడిన యేట, సిమోను వెయిల్ అను ఫ్రెంచి విదుషి ఇలియడును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. బలాత్కారమునకు లోబడినవాడు మనిషితనము కోల్పోయి వస్తువగును. బలము తన చేతిలోనిదే యనుకొనువాడును దానికే బానిసయగును అని యామె యభిప్రాయము. 1994లో జోనాథను షే అను అమెరికా వైద్యుడు మఱియొక గ్రంథము వెలువరించెను. వియత్నాము యుద్ధమునుండి తిరిగివచ్చి మనోవ్యాధితో కుందుచున్న సైనికులకు ఆయన చికిత్స చేయువాడు. నాయకుడు చేసిన అన్యాయము, ప్రక్కనున్న మిత్రుని చావు, అటుపిమ్మట కలుగు పిచ్చియావేశము, ఈ మూడును వారి మాటలలో విని, ఇది అకిలీసు కథయే యని ఆయన గుర్తించెను. అంతటి ప్రాచీనకవి వ్రాసినది మన కాలపు సైనికుని వైద్యమునకు పనికివచ్చినదన్నచో, హోమరు గాయములు దేహమునకు మాత్రమే సంబంధించినవి కావని తెలియుచున్నది.

ఇక హెక్టరు చావు. అకిలీసును చూచి హెక్టరు పరుగెత్తెను. ఇరువురును మూడుమారులు కోటచుట్టు తిరిగిరి. ఆ దారిలో రెండు నీటిబుగ్గలు, ప్రక్కన బట్టలుదుకు రాతితొట్లు కలవు. గ్రీకులు రాకమునుపు, శాంతముగా నున్న దినములలో, ట్రాయి స్త్రీలు అచ్చట బట్టలు ఉదికికొనెడివారు. ప్రాణము కొఱకు పరుగు సాగుచుండ కవి ఆ చాకిరేవును చూపెను. పిమ్మట హెక్టరు కూలెను. అదే సమయమున అండ్రొమాకి యింట మగ్గముకడ కూర్చుండి, పోరినుండి వచ్చు భర్త స్నానమునకు నీళ్లు కాచుడని దాసీలకు చెప్పుచుండెను. నీళ్లు కాగుచున్నవి, మనిషి లేడు. ఈ రెండు ముక్కలను నేను నా పిల్లలకు చెప్పలేదు. కథ వేగము తగ్గునని విడిచివేసితిని. విడిచిన ఆ ముక్కలలోనే కథ యున్నది.

నాబోటివాడు ఇంకొకడు కలడు. అతడు నావలె బడిపంతులు కాడు, అలెగ్జాండరు చక్రవర్తి. గురువైన అరిస్టాటిలు సవరించి యిచ్చిన ఇలియడు ప్రతిని అతడు కటారితో గూడ తలగడక్రింద పెట్టుకొనెడివాడని ప్లుటార్కు వ్రాసెను. క్రీస్తుపూర్వము 332లో గాజానగరమును పట్టుకొన్నప్పుడు, దానిని కాపాడిన బేటిసు అను సేనాని చీలమండలకు పట్టెలు గ్రుచ్చి, ప్రాణముండగనే రథము వెనుక నగరము చుట్టు ఈడ్పించి, అకిలీసును అనుకరించితినని అలెగ్జాండరు గొప్పలు పోయెనని కర్షియసు అను రోమను చరిత్రకారుడు వ్రాసెను. ఇది నిజమైనయెడల ఆ చక్రవర్తి కూడ ఇరువదిరెండవ సర్గముననే పుస్తకము మూసెననవలెను. చెఱువుగట్టున నా పిల్లలు ఆడిన ఆటయే అతడును ఆడెను.

కావుననే ప్లేటో అను తత్త్వవేత్త, హెక్టరును ఈడ్చుట, బందీలను చితికడ చంపుట మొదలైనవాటిని బాలురకు వినిపింపరాదనెను. వీరులు పొరలి పొరలి యేడ్చు ఘట్టములను కూడ తీసివేయుమనెను. పిల్లవాని తల పగిలిననాడు నేను ప్లేటో మాటయే నిజమనుకొంటిని. ఇక ఈ కథ చెప్పనని ఒట్టు పెట్టుకొనబోయితిని. కాని ఆ రైతు అడిగిన ప్రశ్న నన్ను ఆపినది. ఈడ్చుటను దాచినయెడల ఆ తండ్రిని కూడ దాచవలసివచ్చును. గాయమును చూపక కన్నీటిని చూపుట యెట్లు?

సోమవారమునాడు ఇరువదినాల్గవ సర్గము చెప్పితిని. తలకు కట్టుతో ఆ పిల్లవాడు ముందు కూర్చుండెను. తండ్రి తలవాకిట నిలిచెను. నేను చెప్పినది ఇది.

చంపినను అకిలీసుకు నిద్ర లేదు. ప్రతి ఉదయము హెక్టరు కళేబరమును పాట్రోక్లసు సమాధి చుట్టు ఈడ్చును. పగ తీర్చుకొన్నవాని స్థితి అది. దేవతలకే జాలి కలిగెను. బిడ్డను, తోబుట్టువును పోగొట్టుకొన్నవారు కూడ ఏడ్చి యేడ్చి ఒకనాటికి ఊరటపడుదురు, వీనికి మాత్రము దయ చచ్చినదని అపోలో దేవుడు నిందించెను. మన రామాయణమున రావణుడు కూలిన వెంటనే రాముడు విభీషణునిచేత అగ్నిసంస్కారము చేయించెను. రామునకు వెంటనే తెలిసినది అకిలీసుకు తెలియుటకు పండ్రెండు దినములు పట్టినది.

ఆ పండ్రెండవ రాత్రి ముసలి ప్రయాము, బండినిండ ధనము పెట్టించుకొని, తనవలెనే ముసలివాడైన సేవకునొక్కని వెంటబెట్టుకొని పగవాని గుడారమునకు పోయెను. హెర్మీసు దేవుడు దారి చూపెను. లోనికి పోయి, అకిలీసు మోకాళ్లు పట్టుకొని, తన కొడుకులను పలువురను చంపిన ఆ చేతులను ముద్దుపెట్టుకొనెను. నీ తండ్రిని తలచుకొనుము, అతడును నావలె ముసలివాడు, అతనికి నీవు బ్రదికియున్నావన్న ఆశయైన నున్నది, నాకు అదియు లేదని చెప్పెను. అకిలీసు తన తండ్రిని తలచుకొనెను. ఇరువురును కలిసి యేడ్చిరి. ప్రయాము హెక్టరుకొఱకు, అకిలీసు తన తండ్రికొఱకు, పాట్రోక్లసుకొఱకు. చంపినవాడును, చచ్చినవాని తండ్రియు ఒక్క గుడారమున.

ఇంతటితో అకిలీసు ఋషియైపోయెనని కవి చెప్పలేదు. ముసలివాడు తొందరపెట్టగా, నా కోపమును లేపకుము, నిన్నును చంపుదునేమో యని హెచ్చరించెను. కళేబరమును చూచి తండ్రి ఆగ్రహించిన తన చేయి ఆగదేమో యని, చాటున దానిని కడిగించెను. కోపము పోలేదు, దానిని ఎఱిగి జాగ్రత్తపడుట నేర్చెను. తన చేతులతోనే హెక్టరు దేహమును ఎత్తి పాడెపై నుంచెను. పిమ్మట అన్నము తినుమని బ్రతిమాలెను. ఇరువురును తినిరి. దహనమునకు పదునొకండు దినములు పోరు ఆపుదునని మాటయిచ్చెను. ప్రయాము కొడుకును ఇల్లు చేర్చెను. అండ్రొమాకి, తల్లి హెకుబా, హెలెను ఒకరితరువాత ఒకరు విలపించిరి. ట్రాయివారు హెక్టరును దహించి, దిబ్బ కట్టిరి. అంతటితో కావ్యము ముగిసినది. క్రోధముతో మొదలైన గ్రీకు కావ్యము పగవాని యుత్తరక్రియతో ముగిసినది. మన భారతమునందును పోరు ముగిసినపిమ్మట స్త్రీపర్వము వచ్చి గాంధారిని రణభూమిపై నిలుపును. తిక్కన దానిని విడువక తెనిగించెను.

నేను చెప్పుట ముగించితిని. నాడు లాగినవారిలో నొక పిల్లవాడు లేచి, "మాస్టారూ! కొడుకును చంపినవాని యింట అన్నమెట్లు తిన్నాడండీ?" అని యడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. తలవాకిటనుండి ఆ రైతు, "అన్ని దినములు తిండిలేని మనిషి. తినక యేమి చేయునురా?" అనెను. నిజమే. కొడుకు పోయిననాటినుండి ఆ ముసలివాడు ముద్ద ముట్టలేదని కావ్యముననే యున్నది. పండితుడనైన నేను దానిని పదిమారులు చదివియు చూడలేదు.

అతడు తన పిల్లవాని చేయి పట్టుకొని యింటికి పోయెను. నన్నొక్క మాటయు అనలేదు. మఱునాటి ఉదయమున ఆ చేదత్రాడు మరల నూతి గిలకకు తగిలించియుండెను. ఎవరు తెచ్చిరో నేను అడుగలేదు.

పెద్దలారా! ప్రాచీనకావ్యములలో హింస యేల యని మీ మనుమలు మిమ్మడిగినచో, మీకు తోచిన సమాధానము మీరు చెప్పుడు. నాకు తోచినది ఇది. కవి నెత్తురును వర్ణించుట చంపుట గొప్ప యని చెప్పుటకు కాదు. చచ్చినది మనిషి యని చెప్పుటకు. ఆ మనిషికి ఊరున్నది, తల్లి యున్నది, కాగుచున్న నీళ్లున్నవి అని చెప్పుటకు. అంతయు వినినవానికి కఱ్ఱ యెత్తిన చేయి ఒక్క క్షణమైన ఆగును. సగము వినినవానికి చేయి ఇంకను పైకి లేచును. మన రచ్చబండలమీద పాత తగాదాల కథలు చెప్పుకొందుము. ఎవడు ఎవని నెట్లు కొట్టెనో అంతవఱకే చెప్పి నవ్వుకొని లేచిపోవుదుము. పిల్లలు ప్రక్కన కూర్చుండి వినుచుందురు. కొట్టబడినవాని యింట ఆ రాత్రి పొయ్యి వెలిగెనా లేదా యన్నది కూడ ఆ కథలోనిదే. దానిని కూడ చెప్పుడు.

నాకిచ్చిన గడువు ముగియుచున్నది. నాడు గంట మ్రోగినదని కథను నడుమ ఆపితిని. నేడు దానిని ముగించియే సెలవు పుచ్చుకొనుచున్నాను.